ప్రేక్షకుడికి జంకే ఛానెల్, పర్మిషన్‌కు జంకే యజమాని

అమెరికా మీడియా మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గరే: ఏ ఛానెల్ ఎవరి పక్షం? ఫాక్స్ న్యూస్ రిపబ్లికన్లది, ఎంఎస్ఎన్‌బీసీ (2025 నవంబర్ నుంచి దాని పేరు ఎంఎస్ నౌ) డెమొక్రాట్లది, న్యూయార్క్ టైమ్స్ లిబరల్స్‌ది అని ఒక పట్టిక గీసుకుంటే పనైపోయిందనుకుంటారు. పట్టిక తప్పేమీ కాదు. కానీ మీడియా జనాన్ని ఎటు తిప్పుతోందని చూసినంతగా, తాను ఎవరికి భయపడి ఎటు తిరుగుతోందని చూసేవాళ్లు తక్కువ. ఈ పదేళ్ల అమెరికా రాజకీయాలు అర్థం కావాలంటే ఆ రెండో ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. దాని జవాబు ఊహించుకోవాల్సిన పని లేదు, కోర్టు రికార్డుల్లో అక్షరాలా ఉంది.

2020 నవంబర్ 3, అధ్యక్ష ఎన్నికల రాత్రి. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఫాక్స్ న్యూస్ ఎన్నికల విశ్లేషణ బృందం అరిజోనా బైడెన్‌దేనని ప్రకటించింది. ఆ సమయానికి మరే టీవీ నెట్‌వర్కూ ఆ మాట అనే ధైర్యం చేయలేదు. లెక్కింపు పూర్తయ్యాక బైడెన్ అక్కడ 10,457 ఓట్ల తేడాతో గెలిచారు. అంటే ఫాక్స్ చెప్పింది కరెక్టే. ఏ న్యూస్‌రూమ్ అయినా పండగ చేసుకోవాల్సిన విషయం అది. ఫాక్స్‌లో మాత్రం గుండెల్లో రాయి పడింది. ట్రంప్ మండిపడ్డారు, ఆయన అభిమానులు ఛానెల్ మార్చడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని న్యూస్‌మ్యాక్స్ అనే చిన్న ఛానెల్ రేటింగ్స్ కొద్ది రోజుల్లోనే ఎగబాకాయి.

ఆ తర్వాతి వారాల్లో రూడీ జూలియానీ, సిడ్నీ పావెల్ లాంటి లాయర్లు ట్రంప్ తరఫున ఫాక్స్ షోల్లో కూర్చుని, డొమినియన్ కంపెనీ ఓటింగ్ యంత్రాలు ట్రంప్ ఓట్లను మార్చేశాయని చెప్పుకుంటూ పోయారు. డొమినియన్ 160 కోట్ల డాలర్లకు పరువు నష్టం దావా వేసింది. అమెరికాలో ఇలాంటి దావా గెలవడం తేలిక కాదు. న్యూయార్క్ టైమ్స్, సల్లివన్ కేసులో 1964లో సుప్రీంకోర్టు ప్రభుత్వాధికారుల విషయంలో పెట్టి, తర్వాత ప్రముఖులకూ వర్తింపజేసిన షరతు ప్రకారం, ప్రముఖుల గురించి వేసిన వార్త తప్పయితే సరిపోదు. తప్పని తెలిసే వేశారని, లేదా నిజమో కాదో లెక్కచేయకుండా వేశారని నిరూపించాలి. అందుకే డొమినియన్ లాయర్లు ఫాక్స్ సిబ్బంది మెసేజ్‌లు, మెయిళ్లు మొత్తం బయటికి లాగారు.

వాటిలో యాంకర్ టకర్ కార్ల్‌సన్ తోటి యాంకర్ లారా ఇంగ్రామ్‌తో, సిడ్నీ పావెల్ అబద్ధాలు చెబుతోందని అన్నారు. ఆమెకు పూర్తిగా మతి తప్పిందని ఇంగ్రామ్ జవాబిచ్చారు. జాకీ హైన్రిక్ అనే ఫాక్స్ రిపోర్టర్, ఓటింగ్ యంత్రాల మీద ట్రంప్ చేసిన ఆరోపణకు ఆధారాల్లేవని ట్వీట్ చేశారు. రిపోర్టర్ పని అదే కదా. దానికి కార్ల్‌సన్ ఇద్దరు యాంకర్లకు మెసేజ్ పెట్టి, ఆమెను ఉద్యోగంలోంచి తీయించమన్నారు. కారణం కూడా దాచుకోలేదు: దీనివల్ల కంపెనీ నష్టపోతోంది, షేరు ధర పడిపోయింది, ఇది జోక్ కాదు. యజమాని రూపర్ట్ మర్డోక్ తన వాంగ్మూలంలో, కొందరు యాంకర్లు ఆ ఆరోపణల్ని సమర్థించారని ఒప్పుకున్నారు. ఎన్నికల మీద అవే కబుర్లు చెప్పే దిండ్ల వ్యాపారి మైక్ లిండెల్ దగ్గర యాడ్స్ తీసుకోవడం గురించి అడిగినప్పుడు, ఇది ఎరుపు, నీలం సంగతి కాదు, పచ్చ సంగతి అన్న మాటకు ఆయన అవునన్నారు. ఎరుపు రిపబ్లికన్ల రంగు, నీలం డెమొక్రాట్లది, పచ్చ డాలర్ నోటుది.

2023 మార్చిలో జడ్జి ఎరిక్ డేవిస్, డొమినియన్ మీద చేసిన ఆ ఆరోపణల్లో ఒక్కటీ నిజం కాదని తేల్చేశారు. ఏప్రిల్ 18న జ్యూరీ కూర్చుంది. లాయర్లు నోరు తెరవడమే తరువాయి అనగా ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. టీవీలో మాత్రం క్షమాపణ చెప్పలేదు.

దీన్ని ఫాక్స్ అబద్ధాల కథగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. మెసేజ్‌లు చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. కోట్లలో జీతాలు తీసుకునే యాంకర్లు, వాళ్ల పైన లోకం మొత్తం పలుకుబడి గల యజమాని, అంతా కలిసి తమ ప్రేక్షకుడి మొహం చూసి వణికారు. ఏది నిజమో వాళ్లకు తెలుసు. చెబితే రిమోట్ నొక్కేస్తాడేమోనన్నదే టెన్షన్. మీడియా జనాన్ని బ్రెయిన్‌వాష్ చేస్తోందన్న మాట ఇక్కడ సగమే అతుకుతుంది. ఆ నమ్మకాన్ని ఏళ్ల తరబడి పెంచి పోషించింది ఛానెలే, చివరికి దానికి బందీ అయిందీ ఛానెలే.

ముందు నుంచీ ఇలా లేదు. 1960ల్లో అమెరికన్ ఇంట్లో సాయంత్రం వార్తలంటే సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ. అంతే. సబ్బులు, కార్లు అమ్మే కంపెనీలకు దేశమంతా కావాలి కాబట్టి వాళ్ల యాడ్స్ మీద బతికే నెట్‌వర్కులకూ దేశమంతా కావాలి. ఏ పార్టీవాడికి కోపం తెప్పించినా నష్టమే. సీబీఎస్ యాంకర్ వాల్టర్ క్రాంకైట్ గొంతులోని ఆ పెద్దమనిషి తరహా వెనక వృత్తి విలువలతో పాటు ఈ వ్యాపార లెక్క కూడా ఉంది. దానికి తోడు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 1949లో ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నియమం పెట్టింది. వివాదాస్పద విషయాలను చర్చించాలి, రెండో వైపు వాదనకూ చోటివ్వాలి. ఆ కాలాన్ని స్వర్ణయుగమని తలచుకునేవాళ్లు ఒకటి మరచిపోతుంటారు. 1967 నాటి జాతి అల్లర్ల మీద వేసిన కెర్నర్ కమిషన్, మీడియా ప్రపంచాన్ని తెల్లవాళ్ల కళ్లతోనే చూస్తోందని ఆ మరుసటి ఏడాదే గట్టిగా తప్పుపట్టింది. అందరి కోసం అనుకున్న ఆ వార్తల్లో అందరూ లేరు.

రీగన్ హయాంలో, 1987లో ఎఫ్‌సీసీ ఆ డాక్ట్రిన్‌ను ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి రష్ లింబా రేడియో షో దేశవ్యాప్తంగా మొదలైంది. రోజుకు మూడు గంటలు ఒకే మనిషి, ఒకే వైపు. వినేవాళ్లు విరగబడ్డారు. 1996లో జులైలో ఎంఎస్ఎన్‌బీసీ, అక్టోబర్‌లో ఫాక్స్ న్యూస్ పుట్టాయి. ఆ డాక్ట్రిన్ మళ్లీ తెస్తే అన్నీ సర్దుకుంటాయని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అది కుదిరే పని కాదు. ఆ నియమం గాలిలో తరంగాల మీద ప్రసారమయ్యే రేడియోకి, టీవీకే వర్తించేది. తరంగాలు ప్రజల ఆస్తి, వాటికి ప్రభుత్వ లైసెన్సు కావాలి అన్నది దాని ఆధారం. కేబుల్‌కు, ఇంటర్నెట్‌కు ఆ ఆధారమే లేదు.

కేబుల్‌తో అసలు మారింది డబ్బు వచ్చే దారి. అక్కడ కేబుల్ బిల్లు కట్టే ప్రతి ఇంటి నుంచీ కొంత వాటా ఛానెళ్లకు వెళ్తుంది, ఆ ఇంట్లో వాళ్లు ఆ ఛానెల్ చూసినా చూడకపోయినా. అలాంటప్పుడు ముప్పై మూడు కోట్ల దేశంలో అందరూ చూడక్కర్లేదు. ప్రైమ్ టైమ్‌లో ఇరవై ముప్పై లక్షల మంది వదలకుండా చూస్తే చాలు. ఛానెల్ తీసేస్తే కేబుల్ ఆపరేటర్ మీద విరుచుకుపడేంత అభిమానం వాళ్లకు ఉండాలి. యావరేజ్‌గా అందరికీ నచ్చడం కన్నా కొందరికి ప్రాణంగా ఉండటమే లాభం. ఆ కొందరే ఇప్పుడు బాసులు.

అవతలి వైపు ఇదేమీ లేదనుకుంటే పొరపాటు. 2016 ఫిబ్రవరిలో, ట్రంప్ ప్రచారం జోరుమీద ఉన్నప్పుడు, సీబీఎస్ అధిపతి లెస్ మూన్వెస్ ఇన్వెస్టర్ల సమావేశంలో నోరు జారారు. ఇది అమెరికాకు మంచిది కాకపోవచ్చు గానీ సీబీఎస్‌కు మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నది ఆయన మాటల సారాంశం. ఖాళీ స్టేజీని చూపిస్తూ ట్రంప్ రాక కోసం లైవ్‌లో ఎదురుచూసిన ఛానెళ్లలో ఆయన్ని తిట్టే ఛానెళ్లూ ఉన్నాయి. తిట్టడానికైనా ఆయనే కావాలి. 2024లో వాల్ స్ట్రీట్ జర్నల్ బైడెన్ చురుకుదనం తగ్గిపోతోందని జూన్ మొదటి వారంలో రాస్తే లిబరల్ వ్యాఖ్యాతలు ఆ పత్రిక మీదే పడ్డారు. ఆ నెల 27న అట్లాంటాలో సీఎన్ఎన్ డిబేట్ జరిగింది. బైడెన్ మాట తడబడటం దేశమంతా చూసింది. మర్నాడే న్యూయార్క్ టైమ్స్ సంపాదక వర్గం ఆయన్ని తప్పుకోమని రాసింది. అన్నేళ్లుగా వైట్‌హౌస్‌లో తిరిగే రిపోర్టర్లకు కనిపించనిది తొంభై నిమిషాల్లో మామూలు ఓటరుకు కనిపించిందంటే నమ్మడం కష్టం. కనిపించింది, కానీ రాస్తే ట్రంప్‌కు సాయం చేసినట్టవుతుందని పాఠకులు అంటారు. సబ్‌స్క్రిప్షన్ మీద నడిచే పత్రికకు పాఠకుడి అలక చిన్న విషయం కాదు. అదే ఏడాది అక్టోబర్‌లో వాషింగ్టన్ పోస్ట్ యజమాని జెఫ్ బెజోస్ ఎవరికీ మద్దతు ప్రకటించొద్దని నిర్ణయించగానే, రెండున్నర లక్షల మందికి పైగా సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకున్నారు.

రెండు వైపులా ఒకే యంత్రాంగం ఉందంటే రెండు వైపులా తప్పు ఒకే స్థాయిలో ఉందని కాదు. ఎన్నికే దొంగతనమైందన్న అబద్ధానికి వేదికనివ్వడం వేరు, ఇబ్బంది పెట్టే నిజం మీద మెల్లగా నడవడం వేరు. ఒకటి పార్లమెంటు భవనం మీద దాడిదాకా వెళ్లింది. అయినా చూసేవాడి నమ్మకం రెండింటి వల్లా అరిగిపోతుంది. మీడియా మీద నమ్మకముందా అని గ్యాలప్ సంస్థ అడిగితే 1976లో 72 శాతం మంది అవునన్నారు. 2025లో ఆ సంఖ్య 28 శాతం. రిపబ్లికన్లలో అయితే 8 శాతం.

నమ్మకం పోయిన చోట జనం వార్తలు మానేయరు, వేరే చోట వెతుక్కుంటారు. 2025లో రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలో తొలిసారి అమెరికాలో సోషల్ మీడియా, వీడియో సైట్ల ద్వారా వార్తలు తెలుసుకునేవాళ్లు టీవీ చూసేవాళ్లను దాటిపోయారు. 2024 అక్టోబర్ 25న ట్రంప్ ఆస్టిన్ వెళ్లి జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. టీవీ యాంకర్ అయితే మాటమాటకీ అడ్డుపడతాడు. పాడ్‌కాస్ట్‌లో అడ్డుపడేవాడు ఉండడు, కుస్తీ పోటీల నుంచి గ్రహాంతర వాసులదాకా కబుర్లు నడుస్తాయి, వినేవాడికి తన స్నేహితుల మధ్య కూర్చున్నట్టుంటుంది. కమలా హారిస్ కూడా యువతులు బాగా వినే ఒక పాడ్‌కాస్ట్‌కు వెళ్లారు. పాత జర్నలిస్టులు దీన్ని చూసి పెదవి విరుస్తారు గానీ, అభ్యర్థి మూడు గంటలు ఆగకుండా మాట్లాడితే మనిషి ఎలాంటివాడో కొంత తెలుస్తుందన్నదీ నిజమే. తెలియనిదల్లా అతను చెప్పినవాటిలో ఏది నిజమన్నది.

ఆ తేడా ఎంత ఖరీదైందో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ చూపించింది. అరవై వేల జనాభా ఉన్న పాత ఫ్యాక్టరీల ఊరు. కొన్నేళ్లలో అక్కడికి హైతీ దేశస్థులు పన్నెండు నుంచి పదిహేను వేల మంది వచ్చారు, అత్యధికులు చట్టబద్ధంగానే. అద్దెలు పెరిగాయి, ఆసుపత్రుల మీద, బడుల మీద ఒత్తిడి పడింది. ఇవి నిజమైన ఇబ్బందులు. 2024లో ఎవరో ఆ ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో, పక్కింటావిడ కూతురి స్నేహితురాలి పిల్లిని హైతీవాళ్లు ఎత్తుకుపోయారట అని రాశారు. ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చేలోపే అది ఎక్స్‌లోకి ఎక్కి, చిలవలు పలవలుగా పాకింది. సెప్టెంబర్ 9న ట్రంప్ పక్షాన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జేడీ వాన్స్ దాన్ని అందుకున్నారు. ఆయన సిబ్బంది ఊరి సిటీ మేనేజర్‌కు ఫోన్ చేస్తే ఆధారాల్లేవని చెప్పారు, పోస్టు మాత్రం అలాగే ఉండిపోయింది. మర్నాడు ఏబీసీ డిబేట్‌లో ట్రంప్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కుక్కల్ని తింటున్నారు, పిల్లుల్ని తింటున్నారు అన్నారు. యాంకర్ డేవిడ్ మ్యూర్ అక్కడికక్కడే సిటీ మేనేజర్ మాట చెప్పి ఖండించారు. టీవీలో చూశానని ట్రంప్ జవాబు.

ఆ వారంలోనే ఊరికి బాంబు బెదిరింపులు మొదలయ్యాయి. మొత్తం ముప్పై దాటాయి, అన్నీ ఉత్తవే. బడులు ఖాళీ చేయించారు, సిటీ హాల్ మూశారు. రిపబ్లికన్ గవర్నర్ మైక్ డివైన్ ఆ ఊళ్లోనే పుట్టి, పక్క ఊళ్లో పెరిగిన మనిషి, అదంతా చెత్త అని కొట్టిపారేశారు. తన పిల్లి పోయిందని పోలీసులకు ఫిర్యాదు చేసిన ఒకావిడకు కొద్ది రోజులకే అది సొంత ఇంటి బేస్‌మెంట్‌లో దొరికింది. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ పట్టుకుని ఆమె పక్కింటి హైతీవాళ్ల దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పింది. ఈ మొత్తం వ్యవహారంలో ఆ మర్యాద పాటించింది దాదాపు ఆమె ఒక్కతే. సీఎన్ఎన్ యాంకర్ డానా బాష్ నిలదీసినప్పుడు వాన్స్, అమెరికన్ల బాధల్ని మీడియా పట్టించుకునేలా చేయడానికి కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానన్నారు. కథ అంటే కల్పన కాదు, మీడియా దృష్టి అటు మళ్లించడమని ఆ వెంటనే సర్దుకున్నారు. ఆ సవరణను అంగీకరించినా ఒక విషయం మిగులుతుంది. అద్దెల సమస్య గురించి చెబితే ఏ నేషనల్ ఛానెలూ రాదని, పిల్లి గురించి చెబితే అందరూ వస్తారని ఆయన వేసిన అంచనా తప్పలేదు. అందరూ వచ్చారు.

ఈ వేగం తెలుగు ఇళ్లకూ తగిలింది. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల ఫీజు అంటూ ట్రంప్ సంతకం చేశారు. పక్కనే ఉన్న వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ కెమెరాల ముందు ఏటా కట్టాలన్నట్టు మాట్లాడారు. ఆదివారం తెల్లవారితే అమలు. బయట ఉన్నవాళ్లు వెంటనే వెనక్కి రావాలని పెద్ద కంపెనీల నుంచి మెయిళ్లు వెళ్లాయి. దసరా సెలవులకని విమానమెక్కినవాళ్లలో కొందరు దిగిపోయారు, హైదరాబాద్‌లో దిగినవాళ్లు తిరుగు టికెట్ వెతుక్కున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచిన వ్యాఖ్యానం వాళ్లు చేశారు. శనివారం వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ క్యారొలిన్ లెవిట్ ఎక్స్‌లో పోస్ట్ పెట్టారు: ఏటా కాదు, ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు. లక్షల కుటుంబాల బతుకుల మీద నిర్ణయం ముందు కెమెరా కోసం ప్రకటన అయింది, దాని అర్థం మర్నాడు పోస్టులో వచ్చింది. పాలన వార్తల పద్ధతిలో నడిస్తే ఇలాగే ఉంటుంది.

సంస్కృతి గొడవలకూ ఇదే ఇంధనం. వాటికి రిపోర్టర్‌ను పంపక్కర్లేదు, పత్రాలు తిరగేయక్కర్లేదు, స్టూడియోలో నలుగురు అరిస్తే గంట గడిచిపోతుంది. 2023 ఏప్రిల్‌లో బడ్ లైట్ బీరు కంపెనీ ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చిన్న ఇన్‌స్టాగ్రామ్ వీడియో చేయించింది. వారాల తరబడి చర్చలు, బాయ్‌కాట్లు. వేసవికల్లా ఆ బీరు అమ్మకాల్లో మొదటి స్థానం పోగొట్టుకుంది. 2025 ఆగస్టులో క్రాకర్ బ్యారెల్ అనే హోటళ్ల కంపెనీ లోగోలోంచి పీపాకు ఆనుకుని కూర్చున్న పెద్దాయన బొమ్మ తీసేస్తే, సాక్షాత్తూ దేశాధ్యక్షుడే పోస్టు పెట్టేదాకా వెళ్లింది. వారంలో పెద్దాయన తిరిగొచ్చారు.

ప్రేక్షకుడి భయం సంగతి ఇది. యజమాని భయం ఇంకో రకం, ఇటీవల బాగా ముదిరింది.

ఏబీసీ, సీబీఎస్ లాంటి పెద్ద మీడియా సంస్థల యజమానులకు వార్తలు చాలా చిన్న వ్యాపారం. అసలు వ్యాపారాలు సినిమాలు, పార్కులు, స్ట్రీమింగ్, కంపెనీల విలీనాలు. వాటికి ప్రభుత్వ అనుమతులు కావాలి. 2024 అక్టోబర్‌లో సీబీఎస్ తన '60 మినిట్స్' కార్యక్రమంలో హారిస్ ఇంటర్వ్యూను ఎడిట్ చేసిందంటూ ట్రంప్ వెయ్యి కోట్ల డాలర్లకు దావా వేశారు. ఇంటర్వ్యూలు ఎడిట్ చేయడం టీవీలో రోజూ జరిగేదే. కేసు నిలవదని చాలామంది న్యాయ నిపుణులు అన్నారు. కానీ సీబీఎస్ యజమాని అయిన పారామౌంట్ అప్పుడు స్కైడాన్స్ కంపెనీతో 800 కోట్ల డాలర్ల విలీనానికి ఎఫ్‌సీసీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది. 2025 జులై మొదట్లో 1.6 కోట్ల డాలర్లకు ట్రంప్‌తో రాజీపడింది. దాన్ని పెద్ద లంచం అని సీబీఎస్‌లోని తన లేట్ నైట్ కామెడీ షోలోనే ఎగతాళి చేసిన స్టీఫెన్ కోల్‌బేర్, కొద్ది రోజుల్లోనే ఆ షో 2026 మేలో ముగిసిపోతుందని ప్రకటించాల్సి వచ్చింది. ఆ తర్వాత వారంలో, జులై 24న, విలీనానికి అనుమతి దొరికింది. నష్టాల వల్లే షో ఆపామని సీబీఎస్ చెప్పింది. లేట్ నైట్ షోలకు యాడ్స్ తగ్గిపోయిన మాట నిజం. అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవాడికి అనుమానం రాకుండా ఉండదు.

సెప్టెంబర్‌లో కమెడియన్ జిమ్మీ కిమ్మెల్ వ్యవహారంలో అయితే అనుమానానికి కూడా చోటు లేదు. రైట్‌వింగ్ యువనేత చార్లీ కర్క్ సెప్టెంబర్ 10న యూటాలో హత్యకు గురయ్యాడు. హంతకుడి గురించి ట్రంప్ వర్గం ఆడుతున్న రాజకీయం మీద కిమ్మెల్ ఏబీసీలోని తన షోలో ఒక వ్యాఖ్య చేశారు. దాన్ని తప్పుపట్టడానికి కారణాలు లేకపోలేదు. సెప్టెంబర్ 17న ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇది తేలిక దారిలోనైనా జరగొచ్చు, కష్టమైన దారిలోనైనా జరగొచ్చు అన్నారు. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం తెలియాలి. ఎఫ్‌సీసీ నెట్‌వర్కులకు లైసెన్సులివ్వదు, ఊరూరా ఉండే స్టేషన్లకు ఇస్తుంది. ఏబీసీ కార్యక్రమాలు వేసే స్టేషన్లలో చాలా భాగం నెక్స్‌స్టార్, సింక్లెయిర్ లాంటి వేరే కంపెనీలవి. నెక్స్‌స్టార్ సరిగ్గా అప్పుడే టెగ్నా అనే కంపెనీని 620 కోట్ల డాలర్లకు కొనబోతోంది, దానికి కార్ గారి ఆమోదం కావాలి. ఆయన మాట్లాడిన కొన్ని గంటల్లోనే కిమ్మెల్ షో వేయబోమని నెక్స్‌స్టార్ ప్రకటించింది. ఆ సాయంత్రమే ఏబీసీ షోను నిరవధికంగా ఆపేసింది. ఎవరూ ఏ ఆర్డరూ జారీ చేయలేదు. కర్ర విరగలేదు, పాము చచ్చింది.

ఆరు రోజులకు పాము లేచింది. జనం ఏబీసీ యజమాని డిస్నీ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు, రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ కూడా కార్ మాట తీరు మాఫియా బెదిరింపులా ఉందని విమర్శించారు. 23న కిమ్మెల్ తిరిగొచ్చారు. ప్రభుత్వాధికారులు ప్రైవేటు కంపెనీలను బెదిరించి ఇతరుల నోరు మూయించకూడదని సుప్రీంకోర్టు 2024లోనే ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు గెలిచింది తుపాకుల హక్కుల సంస్థ ఎన్ఆర్ఏ. చట్టం అంత స్పష్టంగా ఉన్నా పని జరిగిపోయిందంటే, రాజ్యాంగం మొదటి సవరణ పత్రికను రక్షిస్తుంది గానీ యజమాని విలీనాన్ని రక్షించదు.

టీవీలో కనిపించని మార్పు అన్నిటికన్నా పెద్దది. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. చిన్న ప్రకటనల రాబడి ఇంటర్నెట్‌కు పోయింది, మిగిలిన పత్రికల్లో చాలావాటిని ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ లాంటి ఫండ్లు కొని సిబ్బందిని కోసేశాయి. మూడు వేల పైచిలుకు కౌంటీల్లో 200కు పైగా కౌంటీలకు స్థానిక వార్తలిచ్చే దిక్కు ఒక్కటీ లేదు. పత్రిక మూతపడిన చోట మునిసిపాలిటీలు తెచ్చే అప్పులకు వడ్డీ పెరిగిందని ఆర్థికవేత్తల పరిశోధనలో తేలింది. లెక్కలు అడిగేవాడు లేడని అప్పిచ్చేవాడికి తెలుసు.

స్థానిక పత్రిక ఉండి కూడా వినేవాళ్లు లేకపోతే ఏమవుతుందో 2022లో అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేసిన రిపబ్లికన్ జార్జ్ శాంటోస్ కథ చెబుతుంది. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో నార్త్ షోర్ లీడర్ అనే చిన్న వారపత్రిక ఉంది, రిపబ్లికన్ల వైపు మొగ్గేదే. 2020లో చెప్పుకోదగ్గ ఆస్తి లేదన్న శాంటోస్‌కు రెండేళ్లలో కోటి డాలర్లకు పైగా ఎలా వచ్చాయని 2022 సెప్టెంబర్‌లోనే అది రాసింది. ఆయన నకిలీ అని తేల్చి, డెమొక్రాట్ అభ్యర్థికి మద్దతిచ్చింది. పక్కనే దేశంలోకెల్లా పెద్ద మీడియా సంస్థల ఆఫీసులన్నీ ఉన్నాయి, ఒక్కటీ అందుకోలేదు. శాంటోస్ గెలిచారు. ఆయన చెప్పిన చదువు, గోల్డ్‌మన్ శాక్స్ ఉద్యోగం అన్నీ కల్పనలేనని న్యూయార్క్ టైమ్స్ డిసెంబర్ 19న బయటపెట్టింది, అంటే ఓట్లు పడ్డాక ఆరు వారాలకు. 2023 డిసెంబర్‌లో సభ ఆయన్ని బహిష్కరించింది, 2025లో ఏడేళ్లకు పైగా జైలు శిక్ష పడింది, ఆరు నెలలు తిరక్కుండా ట్రంప్ శిక్ష తగ్గించి బయటికి పంపారు.

ప్రభుత్వ సాయంతో నడిచే రేడియో ఈ ఖాళీని కొంత పూడ్చేది. 2025 జులైలో కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. జాతీయ పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ లిబరల్ పక్షపాతం చూపుతుందన్నది కారణం. ఆ విమర్శలో నిజం ఎంతున్నా దెబ్బ పడింది వాషింగ్టన్‌లోని ఎన్‌పీఆర్ ఆఫీసు మీద కాదు, దానికి ఫెడరల్ డబ్బు వాటా చాలా తక్కువ. అలాస్కా లాంటి చోట్ల ఆదివాసీ పల్లెలకు వార్తలు, తుఫాను హెచ్చరికలు అందించే చిన్న స్టేషన్ల మీద పడింది. అలాంటి పల్లెల్లో రిపబ్లికన్, డెమొక్రాట్ తేడా లేకుండా చాలామంది అదే రేడియో వింటారు.

కొత్త ప్రయత్నాలూ ఉన్నాయి. బాల్టిమోర్‌లో 1837 నాటి బాల్టిమోర్ సన్ పత్రికను కొనాలని చూసి కుదరక, స్టూవర్ట్ బేనమ్ అనే హోటళ్ల వ్యాపారి 2022లో లాభాపేక్ష లేని బాల్టిమోర్ బ్యానర్‌ను మొదలుపెట్టారు. 2025లో, మాదకద్రవ్యాల మరణాల మీద రాసిన కథనాలకు న్యూయార్క్ టైమ్స్‌తో కలిసి అది పులిట్జర్ అందుకుంది. ఈలోగా పాత సన్‌ను సింక్లెయిర్ అధిపతి డేవిడ్ స్మిత్ సొంతంగా కొనుక్కున్నారు. ఒకే ఊళ్లో ఇప్పుడు రెండు న్యూస్‌రూమ్‌లు పోటీ పడుతున్నాయంటే, చేతిలో కోట్లుండి ఊరి మీద మమకారం ఉన్న ఒక మనిషి దొరికాడు కాబట్టి. పత్రిక లేని ఆ 200 కౌంటీల్లో ఎక్కువ భాగం పేద పల్లెలు, అక్కడ బేనమ్‌లు ఉండరు.